ఖఫ్జీ దారిలో ఒక ‘ప్చ్’

సౌదీలో ఖతీఫ్ నుంచి ఖఫ్జీ దాకా సైకిల్ మీద వెళ్లానని చెబితే వినేవాళ్లు ముందు నా మొహం చూస్తారు, తర్వాత పొట్ట చూస్తారు, ఆ తర్వాత నమ్మడం మానేస్తారు. నమ్మిన ఒకరిద్దరు అడిగేది ఒకటే. “ఆ దారిలో చూడ్డానికేముంది?”

న్యాయమైన ప్రశ్నే. కొండల్లేవు, కోటల్లేవు. అటు ఇసుక, ఇటు ఇసుక, మధ్యలో కరెంటు స్తంభాలు, పైపులైన్లు. కానీ చలికాలంలో నాలుగు వానలు పడ్డాయంటే ఆ ఇసుక మీద పలచగా పచ్చిక లేస్తుంది. రెండు మూడు వారాలు నేలంతా కొత్తగా గడ్డం మొలిచిన కుర్రాడి చెంపలా ఉంటుంది. ఆ పచ్చిక చూడ్డానికి సౌదీలు కుటుంబాలతో వచ్చి గుడారాలు వేసుకుంటారు. దారిలో ఊళ్లు చిన్నవి. ఒక మసీదు, ఒక పెట్రోలు బంకు, బకాలా అని పిలిచే కిరాణా కొట్టు, ఒక మంగలి షాపు ఉంటే ఊరైపోయినట్టే. కారులో పోయేవాళ్లకు అవి కనపడవు. నేను వాటికోసమే వెళ్లాను.

నా పేరు రహమతుల్లా, ఊరు ప్రొద్దుటూరు. ఖతీఫ్ పక్కన ఒక వర్క్‌షాపులో స్టోర్స్ చూసుకుంటాను. ఈ దేశానికొచ్చి పదేళ్లు దాటింది. ఇన్నేళ్లూ దీన్ని కారు అద్దంలోంచీ కంప్యూటర్ తెర మీదా మాత్రమే చూశాను. ఆఫీసులో అరబ్బులతో నా మాటలన్నీ మెయిళ్లే. షుగరొచ్చిందని డాక్టరు నడవమన్నాడు. నడక నాకు విసుగు కాబట్టి సైకిల్ కొన్నాను. దానికి రియాద్ బతా బజారు సందుల్లో ఒక ఇత్తడి గంట కూడా కొని బిగించాను. నొక్కితే మా ఊళ్లో ఐస్ బండి వచ్చినట్టుంటుంది.

వారం సెలవు పెట్టి ఇలా పోతున్నానని ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ నమ్మేసింది. అదే కష్టమైంది. “సైకిల్ మీదనా? యాడన్నా పడితే ఎత్తేదానికి మనిషి గూడా ఉండడు ఆడ. ఇదేం పోయేకాలమబ్బా నీకు!” అని ఫోన్ పెట్టేసింది.

సఫ్వా దాటాక

ఈ దేశంలో సైకిల్ తొక్కేవాళ్లు రెండే రకాలు. లాండ్రీలోనో తోటలోనో పనిచేసి రూముకు పోయే కూలీలు ఒక రకం. ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకుని, మెరిసే కళ్లద్దాలు పెట్టుకుని తెల్లారుజామున రివ్వున పోయే డబ్బున్నవాళ్లు రెండోరకం. నేను ఈ రెండింట్లో ఎక్కడా ఇమడలేదు. తలకు హెల్మెట్, ఒంటికి లాల్చీ, వెనక క్యారియరు మీద చాప. అందుకని దారినపోయే ప్రతివాడికీ నా మీద జాలే కలిగింది.

ఇక్కడివాళ్ల జాలి చేతల్లో ఉంటుంది. సఫ్వా ఊరు దాటి పెద్ద రోడ్డెక్కగానే ఒక కారు ఆగింది. కిటికీలోంచి చల్లటి నీళ్ల సీసా ఒకటి బయటికొచ్చింది. వద్దంటే వినరు. ఇంకో కారాయన జ్యూసు ఇచ్చాడు. ఒక కుటుంబం ఖర్జూరాల డబ్బా మొత్తం సంచిలో పెట్టేసి వెళ్లిపోయింది. మనూళ్లో సైకిల్ మీద పోయేవాణ్ణి ఎవరైనా ఆపారంటే అడ్రసు కోసమే. మధ్యాహ్నమయ్యేసరికి నా సామాన్ల కంటే జనం దయే ఎక్కువ బరువైంది. ఆ బరువుకే కాబోలు, వెనక టైరు ఉస్సుమంది.

టైరు ముందు గొంతుక్కూచుని చూస్తుంటే ఒక పికప్ వచ్చి ఆగింది. కుర్రాడు దిగాడు. మంచి మొహం.

“సైకల్ ఖర్బాన్?” అన్నాడు. సైకిల్ చెడిపోయిందా అని.

తల ఊపాను.

“జుబైల్ దాకా దింపనా?” అని అరబీలోనే అడిగాడు. నేనప్పుడు ఇంకా టైరు వైపే చూస్తున్నాను. కొత్త టైరు. ఎంత మోజుపడి వేయించుకున్నాను! దాని గతి తలుచుకుని “ప్చ్” అన్నాను.

“బి కైఫక్,” అన్నాడు కుర్రాడు. నీ ఇష్టం అని. అనేసి బండెక్కి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు.

అడిగింది తనే, వదిలేసింది తనే! పొద్దుట్నుంచీ చూసిన మంచితనమంతా ఒక్క దెబ్బతో కొట్టుకుపోయింది. జుబైల్ పొలిమేర దాకా సైకిల్ని నెట్టుకుంటూ, ఆ కుర్రాణ్ణి స్వచ్ఛమైన ప్రొద్దుటూరు భాషలో తిట్టుకుంటూ నడిచాను.

జుబైల్‌లో బొగ్గుల టీ

పంచర్ షాపును ఇక్కడ ‘బన్షర్’ అంటారు. అరబీలో ‘ప’ అక్షరం లేదు. పెప్సీ కూడా బెబ్సీయే. టైరు అక్కడ అప్పగించి, రోడ్డు పక్కన పొగ లేస్తున్న చోటికి వెళ్లాను. బొగ్గుల మీద టీ కాచే కొట్టు అది. పొడుగాటి ఇనపతొట్టిలో నిప్పులు, వాటి మీద మసిబారిన కెటిళ్ల వరస. పాలుండవు. పుదీనా లాంటి ఏదో ఆకు వేసి, పంచదార దండిగా దట్టించి ఇస్తారు. రెండు రియాళ్లు. డాక్టరు ఖతీఫ్‌లో ఉన్నాడు కాబట్టి తాగాను.

కొట్టాయనకు నా వయసే ఉంటుంది. మాట కలుపుదామని, “మీది యెమెనా?” అని నాకొచ్చిన అరబీలో అడిగాను.

ఆయన గడ్డం కాస్త పైకెత్తి “ప్చ్” అన్నాడు.

పాపం, అనుకున్నాను. యుద్ధంలో ఉన్న సొంత దేశం తలపుకొస్తే ఎవరికైనా బాధే కదా. “దేవుడు మేలు చేస్తాడులెండి,” అని ఓదార్చాను. ఆయన కొంచెం వింతగా చూశాడు.

“భార్యాబిడ్డలు అక్కడే ఉన్నారా?”

“ప్చ్.”

అడగకూడనిది అడిగాననిపించింది. అయినా నోరూరుకోదు కదా. “ఎవరూ మిగల్లేదా?” అని చెయ్యి పట్టుకున్నాను.

“ప్చ్!” అని ఆయన చెయ్యి విడిపించుకుని కొట్టు వెనక్కి తిరిగి కేకేశాడు. అక్కడున్న జీపులోంచి ముగ్గురు పిల్లలు చిప్సు నములుతూ తొంగిచూశారు. వాళ్ల వెనక నల్లటి అబాయాలో వాళ్లమ్మ. ఆయన అల్ అహ్సాలో పుట్టిన సౌదీ. యెమెన్‌తో ఆయనకు సంబంధమే లేదు. నేనేదో మతి చెడినవాణ్ణని అనుకున్నాడట.

కాసేపయ్యాక ఆయనే విడమరిచి చెప్పాడు. గడ్డమెత్తి నాలికతో ఒకసారి టక్కుమనిపిస్తే ‘లా’ అని అర్థం. లా అంటే లేదు, కాదు, వద్దు. అంతే. అందులో బాధా లేదు, విచారమూ లేదు. మనం కూడా ఒక్కోసారి లేదనడానికి ‘ప్చ్’ అంటాం గానీ, దానికి ఏడుపు మొహం తప్పకుండా తోడుంటుంది. అసలు మనకు ‘ప్చ్’ అంటే అయ్యో అని.

అప్పుడు గుర్తొచ్చాడు పికప్ కుర్రాడు. దింపనా అని మర్యాదగా అడిగితే వద్దని చెప్పింది నేను! అన్ని తిట్లు తిట్టించుకున్నందుకు ఆ కుర్రాడికి అల్లా వంద కార్లివ్వాలని కోరుకుని, ఇంకో టీ చెప్పాను.

నయీరియాలో పచ్చిపులుసు

జుబైల్ నుంచి లోపలికి, నయీరియా వైపు తిరిగితే సముద్రం వాసన పోయి గొర్రెల వాసన మొదలవుతుంది. అంగడి ఊరది. నెయ్యి, జున్ను, ఒంటెలు, ఉన్ని దుప్పట్లు అమ్ముతారు. రోడ్డు పక్కన కొందరు చిన్న పెట్టెల్లో మట్టి అంటిన ఆలుగడ్డల్లాంటివి పెట్టుకుని కూచున్నారు. ఫగా అంటారట. ఉరుములు ఉరిమితే ఇసుక కింద ఊరే పుట్టగొడుగులు. మనూళ్లలోనూ ఉరిమితేనే పుట్టగొడుగులు లేస్తాయంటారు కదా. ఉరుము ఎక్కడైనా ఒకే పని చేస్తుందన్నమాట. ఒక చిన్న పెట్టె ధర అడిగి, నా వారం భోజనం ఖర్చుతో పోల్చుకుని, చేతిలో ఉన్నది జాగ్రత్తగా కింద పెట్టాను.

ఊరు దాటగానే ఎదురుగాలి పట్టుకుంది. ముందుకు తొక్కుతుంటే వెనక్కి పోతున్నట్టుంది. చుట్టూ ఎవరూ లేరన్న ధైర్యంతో గాలిని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. కంచె అవతల నుంచి గొంతు వినపడింది.

“ఓ భాయ్! తెలుగోనివా?”

గొర్రెల మధ్య నిలబడి ఒక మనిషి నవ్వుతున్నాడు. తలకు రుమాలు, ఒంటి మీద రంగు వెలిసిన ఉన్నికోటు. పేరు లింబాద్రి. ఊరు భీంగల్ దగ్గర. ఆ మజ్రా, అంటే తోటా గొర్రెల దొడ్డీ కలిసిన ఫారం, మొత్తం చూసుకునేది ఆయనొక్కడే.

“గిదేంది, సైకిల్ మీద ఏడికెళ్లి అస్తున్నవ్? కఫీల్ బండి గుంజుకున్నడా ఏంది?” అన్నాడు. ఇక్కడ మన వీసా ఎవరి పేరున ఉంటే ఆ యజమాని కఫీల్.

“లేదన్నా, సరదాకి,” అన్నాను.

“సరదాకా!” అని నన్ను కిందికీ మీదికీ చూసి, “అయితె అన్నం తిని పో. సరదాకు గూడ తిండి గావాలె గద,” అన్నాడు.

రేకుల గది. మూలన గ్యాసు పొయ్యి. చింతపండు పిసికి, ఉల్లిపాయలు, కాల్చిన పచ్చిమిరపకాయలు నలిపి, పొయ్యెక్కించకుండానే పచ్చిపులుసు చేశాడు. కోడిగుడ్లు వేయించాడు. మాకు రాయలసీమలో సంగటి, ఊరిమిండి పచ్చడి ఉంటే చాలు స్వర్గం. ఇది చారూ కాదు, పులుసూ కాదు, ఇదేం కూరని ఎగతాళి చేస్తూనే మూడుసార్లు పోయించుకున్నాను. ఆయన అదంతా గమనించి, “మీ సంగటి పెద్దదే గాని నాలుగోసారి పోయాల్నా?” అన్నాడు.

తిన్నాక బయటికొచ్చి నా సైకిల్ చుట్టూ తిరిగాడు. గంట మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మూడోసారికి మొహం మారిపోయింది.

“మా అన్న ఊర్ల సైకిళ్లు కిరాయికిస్తుండె. గిసొంటి గంటలే. నాయిన పోయినంక నన్ను సాదింది గాయినె. ఆయిన ముంగట డండ మీద కూసోవెట్టుకుంటె, నేను బడి దాక గంట కొట్టుకుంటనే పోతుంటి.” గంట ఇంకోసారి నొక్కాడు. “ఇప్పుడు గాయినకు యాది తప్పుతున్నది భాయ్. ముందుగాల ఊరోళ్లను మర్సిండు. మల్ల కోడలును మర్సిండు. నేను వీడియో కాల్ జేస్తే మొన్నటిదాక ‘లింబా’ అంటుండె. ఇప్పుడు ‘ఎవల్రా వీడు’ అని అడుగుతున్నడు. ఫోన్ల ఎట్ల గుర్తువడ్త? ఎదురుంగ వోతె, చెయ్యి వడితె గుర్తు వట్టకపోతడా అని నా పానం గొట్టుకుంటున్నది.”

“పోయి రావచ్చు కదన్నా?”

“కఫీల్ మంచోడే అనుకున్న,” అన్నాడు లింబాద్రి. “అన్నకు బాగలేదని ఎర్కయి పోయిన నెల ఆయినే అచ్చిండు. నా పక్కపొంటి కూసుండి ‘తబీ తరూహ్ దీరతక్?’ అని అడిగిండు. మీ ఊరికి వోతవా అని. గా మాట ఇంటనే నాకు అన్న మొకం కండ్లల్ల మెదిలింది. గొంతు వట్టుకపోయింది. మాటేడికెళ్లి అస్తది? ఊకె ‘ప్చ్’ అన్న. గంతె. దిగ్గున లేసి వోయిండు. గప్పటిసంది నాతోని కూసుంటలేడు, తింటలేడు. గొర్ల సంగతి తప్ప మాట్లాడ్తలేడు. ఎదుటోని దుఃఖం జూసి లేసివోయిన మనిషిని మల్ల ఏం మొకం వెట్టుకొని అడుగాలె? గట్టిగ అడిగితె ఖురూజ్ గొట్టి మొత్తానికే పంపిస్తడేమో.”

జుబైల్ టీ కొట్టు, పికప్ కుర్రాడు, గడ్డమెత్తి టక్కుమనిపించిన శబ్దం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

“అన్నా, మీ కఫీల్ మళ్లా ఎప్పుడొస్తాడు?” అని అడిగాను.

“రేపు శుక్రారం. జుమ్మా నమాజ్ అయినంక ఈడి గుడారంలకు అస్తడు. ఎందుకు?”

“నేను పోనులే. రేపటిదాకా ఈన్నే ఉంటా,” అన్నాను.

గుడారంలో కాఫీ

కఫీల్ పేరు అబూ ఫహద్. తెల్లగడ్డం, చేతికర్ర, నిదానమైన మనిషి. సైకిల్ మీద వచ్చిన హిందీ, అంటే ఇండియావాణ్ణి అని చెప్పగానే నన్ను తన కుడి పక్కన కూచోబెట్టుకుని, ఏలకుల వాసన వేసే పలచటి కాఫీ చిన్న చిన్న కప్పుల్లో పోశాడు. కప్పు అటూఇటూ ఊపితే చాలని అర్థం. అది మాత్రం నాకు తెలుసు. లింబాద్రి గుడారం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయన వైపు అబూ ఫహద్ ఒక్కసారైనా చూడలేదు.

నా అరబీ స్టోర్స్ అరబీ. బోల్టులూ నట్టులూ ఉన్నాయా లేవా అన్నంతవరకు బ్రహ్మాండంగా నడుస్తుంది. మనసులో మాట దగ్గరికొచ్చేసరికి బ్రేకు పడుతుంది. అందుకని నాటకం ఆడాను.

“చాచా, మీ ఒంటె చచ్చిపోయిందనుకోండి,” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, అలాంటిదేమీ జరక్కూడదని అల్లాను తలుచుకున్నాడు.

“ఆ మాట వింటే నేను ఇలా అంటాను,” అని మొహం వేలాడేసి, తల అడ్డంగా ఆడించి “ప్చ్” అన్నాను. “అంటే ఒంటె చావలేదని కాదు. నాకు దుఃఖంగా ఉందని. హుజ్న్! మా దేశంలో ఈ చప్పుడు లా కాదు, హుజ్న్.” గుమ్మం వైపు చెయ్యి చూపించాను. “ఇతనూ ఆరోజు హుజ్నే చెప్పాడు.”

అబూ ఫహద్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఆయన లింబాద్రిని చూశాడు. తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు. అది నేను లింబాద్రికి తెలుగులో చెప్పాను. “నేను పోతావా అని అడిగితే పోనన్నాడనుకున్నాను. అన్నదమ్ముల మధ్య ఏ గొడవుందో, బయటివాణ్ణి, నేనెలా అడగను? కానీ జబ్బుపడ్డ సొంత అన్న దగ్గరికి పోనన్నవాడి పక్కన కూచుని అన్నం తినడానికి నాకు మనసొప్పలేదు.”

“నేను పోనన్ననా?” అన్నాడు లింబాద్రి. “ఓరి దేవుడా, నేను పోనన్ననా!” అక్కడే, గుమ్మంలోనే కూలబడ్డాడు.

ముసలాయన కర్ర పట్టుకుని లేచి వెళ్లి ఆయన ఎదురుగా చాప మీద కూచున్నాడు. మళ్లీ అదే ప్రశ్న, ఈసారి ఒక్కొక్క మాటే వేరుచేసి అడిగాడు. “తబీ, తరూహ్, దీరతక్?”

లింబాద్రి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. నోరు తెరిచాడు. మాట రాలేదు. వచ్చింది ఒకటే.

“ప్చ్.”

“ఏయ్! నోటితో చెప్పన్నా!” అని నేను గట్టిగా అరిచాను. అబూ ఫహద్‌కు నవ్వాగలేదు. భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వుతూ, చేత్తో కళ్లు తుడుచుకుంటూ “హుజ్న్, హుజ్న్,” అని లింబాద్రి భుజం తట్టాడు. అప్పుడు లింబాద్రి “ఐవా, బాబా. ఐవా,” అన్నాడు. అవునని. ఒకటికి పదిసార్లు అన్నాడు.

కొడుకుతో చెప్పి సెలవు కాగితం, వెళ్లి మళ్లీ రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ, అన్నీ వెంటనే చేయిస్తానన్నాడు పెద్దాయన. ఆ మధ్యాహ్నం ముగ్గురం ఒకే పళ్లెంలో కబ్సా, అంటే మాంసంతో వండిన అన్నం, తిన్నాం. మాంసం ముక్కలు విడదీసి ముందు లింబాద్రి వైపు తోశాడు అబూ ఫహద్. బయల్దేరేటప్పుడు నేను సైకిల్ గంట విప్పి లింబాద్రి చేతిలో పెట్టాను. వద్దంటాడేమో అనుకున్నాను గానీ, గబుక్కున కోటు జేబులో దాచేసుకున్నాడు.

ఖఫ్జీ

ఖఫ్జీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చమురు పనివాళ్ల ఊరు. కొంచెం ముందుకు పోతే కువైట్ సరిహద్దు. గంట లేని సైకిల్ మీద, వెనకగాలి సాయంతో చేరాను. సముద్రం ఒడ్డున ఒక బెంగాలీ హోటల్లో చేప వేయించి అన్నంతో ఇచ్చారు. ముళ్లు ఎక్కువ, కారం తక్కువ. ఇంకొంచెం అన్నం కావాలా అని వడ్డించేవాడు అడిగితే, ఆ ముళ్లు తలుచుకుని ‘ప్చ్’ రాబోయింది. మింగేసి “కావాలి” అని నోటితోనే చెప్పాను. నీళ్లలోకి కాళ్లు పెట్టి కూచుని మా ఆవిడకు ఫోన్ చేస్తే, “పడినావా?” అనడిగింది ముందు. పడలేదంటే కొంచెం నిరాశపడినట్టే అనిపించింది. వచ్చేటప్పుడు మాత్రం సైకిల్నీ నన్నూ ఒక లారీ ఎక్కించుకొచ్చింది. డ్రైవరు పెషావరు మనిషి. దారంతా రాజకీయాలు చెప్పాడు.

మళ్లీ ఖతీఫ్

ఖతీఫ్ వచ్చాక మళ్లీ మెయిళ్లూ, నట్టులూ బోల్టులూ. ఒక సాయంత్రం ఇండియా నంబరు నుంచి ఫోనొచ్చింది.

“భాయ్, నేను లింబాద్రిని. ఇంటికాడికెళ్లి మాట్లాడుతున్న.”

“ఎట్లుండాడన్నా మీ అన్న?”

“గంట చేతికిస్తె పొద్దంత కొడుతున్నడు. మా కోడలుకు చెవులు పోతున్నయి. దాసిపెడితె ఎతుక్కుంటున్నడు,” అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “‘అన్నా, నన్ను గుర్తువట్టినవా?’ అని అడిగిన భాయ్. నా మొకం దిక్కు శానసేపు జూసిండు. జూసి ‘ప్చ్’ అన్నడు. గది మన ప్చో, అబూ ఫహద్ ప్చో, నాకైతె సమజ్ కాలే.”

“ఇప్పుడేం చేస్తాండాడు?” అనడిగాను.

“ఏం జేస్తడు? నా కుడిచెయ్యి వట్టుకొని కూసున్నడు. పొద్దుగాలకెళ్లి ఇడుస్తలేడు. ఫోన్ గూడ ఎడమచేతులనే వట్టుకొని మాట్లాడుతున్న.”